లిఫ్టు తొందరగా వస్తే నష్టమేమిటి?

కెనడాలోని ఎడ్మంటన్ కేంద్రంగా పనిచేసే బయోవేర్ సంస్థ 2007లో ‘మాస్ ఎఫెక్ట్’ అనే వీడియోగేమ్ తెచ్చింది. 2010లో రెండో భాగం, 2012లో మూడో భాగం వచ్చాయి. మూడింటిలోనూ ముఖ్యపాత్ర కమాండర్ షెపర్డే. ఆడా మగా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. ఒక ఆటలో ఎవరిని కాపాడామో, ఎవరిని పోగొట్టుకున్నామో సేవ్ ఫైల్ గుర్తుపెట్టుకుంటుంది, తర్వాతి ఆటలో లెక్క అడుగుతుంది. ఈ మూడింటినీ అదనపు భాగాలుగా వచ్చిన 40కి పైగా డీఎల్‌సీలతో కలిపి, మెరుగుపెట్టి, 2021 మే 14న ‘లెజెండరీ ఎడిషన్’ పేరుతో మళ్లీ విడుదల చేశారు. మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. అయినా పాత అభిమానుల్లో వాదన ఆగలేదు.

ఇక్కడ వాదించుకుంటున్నది ఒకే ఇంటివాళ్లు. బాబాయి ఎక్స్‌బాక్స్ 360 రోజుల్లోనే ఈ ఆటలు పూర్తిచేశాడు, ఇప్పుడు కొత్త కూర్పు ఉండగా పాతది ఎందుకంటాడు. సింధు ఆయన అన్న కూతురు. హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో లైటింగ్ పని చేస్తుంది. కొత్త కూర్పుతో ఆట మొదలుపెట్టి, తర్వాత పాతది వెతికి ఆడింది. పట్టుదల ఆమెదే ఎక్కువ.

సింధు: బాబాయ్, నాకు అర్థం కానిది ఒక్కటే. పాత ఆట ఆడినవాడివి నువ్వు. ఈడెన్ ప్రైమ్‌లో ఆకాశం మార్చేస్తే నీకు కదా కోపం రావాలి?

బాబాయి: ఎందుకు రావాలి? నేను పాతది ఆడిన మాట నిజమే, అదెలా ఉండేదో కూడా గుర్తుంది. మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ముఖం ముందు నున్నగా కనబడేది. కాసేపాగితే గానీ చర్మం మీద గీతలూ మచ్చలూ వచ్చేవి కావు. కాల్పులు ఎక్కువైతే బొమ్మ తడబడేది. ఇప్పుడు నా పాత ప్లేస్టేషన్‌లో కూడా సాఫీగా నడుస్తోంది.

సింధు: నేను తడబాటు గురించి అడగలేదు. అది పోవాల్సిందే. ఆకాశం గురించి అడుగుతున్నాను. 2007లో ఈడెన్ ప్రైమ్ గ్రహం మీద దిగగానే పైన ఎర్రగా, ముదురుగా ఉండేది. శత్రువు దిగిన కాలనీ అది. ఏదో జరగరానిది జరిగిందని ఎవరూ చెప్పకముందే వెలుగు చెప్పేది. కొత్త కూర్పులో పగటి వెలుతురు పరిచారు. చెట్లు, గడ్డి, దూరంగా కొండలు అన్నీ బాగా కనబడుతున్నాయి. దిగులు మాత్రం పోయింది.

బాబాయి: ఆటలోనే ఈడెన్ ప్రైమ్ గురించి రాసింది చదివావా? పచ్చటి వ్యవసాయ కాలనీ, మనుషులు భూమి వదిలి కట్టుకున్న అందమైన ఊరు అని ఉంటుంది. పాత ఆటలో ఆ అందం ఎక్కడ కనబడింది? మొదటి క్షణం నుంచీ నరకంలాగే ఉంటే, నాశనమైంది ఏమిటో ఎలా తెలుస్తుంది? ఇప్పుడు ముందు ఊరు కనబడుతుంది, ఆ తర్వాత దాని శవాలు కనబడతాయి. నాకు ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

సింధు: వాదన బాగానే ఉంది. కానీ అది నీ వాదన. 2007లో ఆ రంగు ఎంచినవాళ్ల నిర్ణయం వేరు. లైటింగ్ చేసేవాళ్లు చీకటిని ఊరికే పెట్టరు. యంత్రం చాలక దూరాన్ని దాచడానికి పెట్టినా సరే, ఆ చీకటికి తగ్గట్టే మిగతా దృశ్యం అల్లుకుంటారు. తర్వాత ఎవరో వచ్చి దీపం పెంచితే దాచిన లోపం ఒక్కటే బయటపడదు, దృశ్యం స్వభావమే మారిపోతుంది.

బాబాయి: సరే, దీపం సంగతి పక్కన పెట్టు. ఆట సంగతికి రా. సిటడెల్ అంతరిక్ష కేంద్రంలో లిఫ్టులు గుర్తున్నాయా?

సింధు: లిఫ్టుల కోసమే ఎదురుచూస్తున్నాను.

బాబాయి: తలుపు మూసుకునేది. షెపర్డ్, వెనక ఇద్దరు, ముగ్గురూ గోడ వైపు చూస్తూ నిలబడేవాళ్లు. ఒక్కోసారి నిమిషానికి దగ్గరగా పట్టేది. లిఫ్టు నెమ్మది కాదు, లోపల తర్వాతి చోటును యంత్రం సిద్ధం చేసుకునేది. లోడింగ్ అని రాసి చూపించకుండా లిఫ్టులో నిలబెట్టారు. కొత్త కూర్పులో బాగా తగ్గిపోయింది, తొందరుంటే బటన్ నొక్కి దాటేయొచ్చు. ఇది కూడా ద్రోహమేనా?

సింధు: ఆ లిఫ్టులో ఏం జరిగేదో కూడా చెప్పు మరి. జట్టువాళ్లలో గ్యారస్‌నూ రెక్స్‌నూ వెంటపెట్టుకుంటే ఒకరినొకరు గిల్లుకునేవాళ్లు. టాలీ ఉంటే ఇంకో సంభాషణ. నువ్వు ఏదో గ్రహం మీద చేసొచ్చిన పని రేడియో వార్తగా వినబడేది. తుపాకులు పక్కన పెట్టి వాళ్లు మామూలు మనుషుల్లా మాట్లాడుకున్న చోటు అది. యంత్రం చేతకానితనం వల్ల వచ్చిన ఖాళీలో రచయితలు ప్రాణం పోశారు. ఖాళీ తీసేస్తే అది కూడా పోతుంది.

బాబాయి: పోలేదుగా! మాట్లాడుకుంటుంటే ఆగి వినొచ్చు. వద్దనుకున్నవాడే బటన్ నొక్కుతాడు. నీకు వినే అవకాశం ఉంది, నాకు వెళ్లే అవకాశం ఉంది. ఇద్దరికీ న్యాయం చేశారు.

సింధు: అదే నేనూ అంటున్నది! లిఫ్టు విషయంలో వాళ్లు సరిగ్గా చేశారు. ఆడేవాడి చేతిలో పెట్టారు. ఈడెన్ ప్రైమ్‌కు ఆ బటన్ ఎందుకు లేదు?

బాబాయి: నువ్వు ముందే ఈ దారిన పోదామనుకుని వచ్చావు. సరే పద. తుపాకుల సంగతి చెప్పు. పాత ఆటలో నువ్వు ఎంచుకున్న క్లాసుకు రైఫిల్ శిక్షణ లేకపోతే గురి నిలిచేదే కాదు. స్నైపర్ పట్టుకుంటే చెయ్యి ఊగిపోయేది. నైపుణ్యంలో పాయింట్లు పోసుకుంటూ పోతే తప్ప కుదురుకునేది కాదు. ఇప్పుడు ఏ క్లాసైనా ఏ తుపాకైనా పట్టొచ్చు, గురి మొదటి నుంచీ నిలుస్తుంది.

సింధు: దాని పేరే రోల్ ప్లేయింగ్ కదా? మొదట్లో చెయ్యి వణుకుతుంది, పదో లెవెల్‌కు కాస్త తగ్గుతుంది, ఇరవయ్యో లెవెల్‌కు గుండు వెళ్లాల్సిన చోటికే వెళ్తుంది. ఎదుగుదల అంకెల్లో కాదు, నీ వేళ్లకు తెలిసేది. ఇప్పుడు మొదటి గంటలోనే మొనగాడివి. ఇక ఎదగడానికి ఏం మిగిలింది?

బాబాయి: అమ్మాయ్, షెపర్డ్ ఎవరు? కవచం మీద ఎన్7 అని రాసి ఉంటుంది. సైన్యంలో అందరికన్నా కఠినమైన శిక్షణ పూర్తిచేసినవాళ్లకే ఆ గుర్తు ఇస్తారు. అలాంటి మనిషి పది అడుగుల దూరంలో ఉన్న రోబోకు గురి తప్పితే కథ నవ్వులపాలవుతుంది. పాత ఆట కథలో ఒకటి చెప్పి, చేతికి ఇంకొకటి ఇచ్చేది. కొత్తది ఆ రెంటినీ కలిపింది.

సింధు: ఈ మాటకు నా దగ్గర జవాబు తక్కువే ఉంది. కథతో కలిసిందన్నది నిజం. కానీ రెండో ఆటా మూడో ఆటా కాల్పుల ఆటలయ్యాయనీ, మొదటిదే అచ్చమైన ఆర్‌పీజీ అనీ పాతవాళ్లు అంటారు. ఇప్పుడు మొదటిదాన్ని కూడా ఆ రెంటి వైపు లాగేశారు. మూడు ఆటలు ఒకే తీరున నడవాలని ఎవరు అడిగారు? 2007కీ 2012కీ మధ్య ఆ బృందం ఎలా మారుతూ వచ్చిందో ఆ తేడాలోనే కదా తెలిసేది.

బాబాయి: బృందం చరిత్ర తెలుసుకోవడానికి ఆడేవాళ్లు ఎందరు? నాకు పగలు ఆఫీసు, సాయంత్రం పిల్లల హోంవర్కు. వాళ్లు పడుకున్నాక ఓ గంట దొరికితే గొప్ప. ఆ గంటను మాకో బండితో కొండ ఎక్కడానికి ఖర్చుపెట్టను. ఆ బండి ఎటు తిప్పితే ఎటు పోయేదో దేవుడికే తెలియాలి. రాయి తగిలితే గాల్లోకి ఎగిరేది. పైగా దానిలోంచి కాల్చి చంపితే అనుభవం పాయింట్లు తక్కువ. అందుకని ఏం చేసేవాళ్లమో తెలుసా? శత్రువును చావుబతుకుల దాకా మాకోతో కొట్టి, చివరి గుండు కోసం బండి దిగి కాలినడకన వెళ్లేవాళ్లం. అదేం యుద్ధం?

సింధు: ఆ కోత తీసేయడం మంచిపనే. లావా తగిలితే అక్కడికక్కడే ఆట ముగిసిపోవడం తీసేసినా నాకు అభ్యంతరం లేదు. కానీ చూడు, మాకో నడపడానికి పాత కంట్రోల్స్ కావాలంటే సెట్టింగ్స్‌లో ఉంచారు. లెవెల్స్ 30 కావాలా, పాత పద్ధతిలో 60 కావాలా అన్నదీ మనమే ఎంచుకోవచ్చు. అంటే పాతదాని మీద మనసున్నవాళ్లు ఉంటారని వాళ్లకు తెలుసు. ఎవరూ పెద్దగా ఏడవని మాకోకు పాత దారి తెరిచి, అందరూ తలుచుకునే ఆకాశానికి మూసేశారు.

బాబాయి: జట్టులోని మిరాండా మీద కెమెరా మార్చిన సంగతి కూడా అడుగుతావా? రెండో ఆటలో ఆ అమ్మాయి తన చెల్లెలి గురించి బాధపడుతూ చెబుతుంటే కెమెరా ఆమె ముఖం మీద కాక ఎక్కడో ఉండేది. కొత్త కూర్పులో అలాంటి కొన్ని షాట్లు సరిచేశారు.

సింధు: సరిచేయాల్సిందే. మాట వినాల్సిన చోట చూపు పక్కకు లాగడం ఏం దర్శకత్వం?

బాబాయి: దొరికావు! ఆకాశం మారిస్తే ఎవరిదో నిర్ణయం చెరిపేసినట్టు. కెమెరా మారిస్తే దిద్దుబాటు. నీకు నచ్చితే మెరుగు, నచ్చకపోతే విధ్వంసం. ఇది న్యాయమా?

సింధు: న్యాయమైన ప్రశ్నే. నా అభిరుచిని కొలబద్దగా పెట్టుకుంటే నాదీ నీదీ ఎప్పటికీ తేలదు. అందుకే నా అభిరుచిని పక్కన పెడుతున్నాను. కెమెరా మార్పు నాకు నచ్చింది, అయినా పాత షాట్ ఎలా ఉండేదో చూసే వీలు ఉండాలి. అప్పట్లో ఆటలు అమ్మాయిల్ని ఎలా చూపించాయో రేపు ఎవరైనా మాట్లాడాలంటే అదొక ఆధారం. మార్చడం తప్పని నేననను. వెనక్కి వెళ్లే దారి మిగిల్చారా అన్నదే నా ప్రశ్న.

బాబాయి: లైటింగ్ చేసేదానివి, ఖర్చు నీకు తెలియదా? పాత వెలుగూ కొత్త వెలుగూ రెండూ ఉంచాలంటే ప్రతి చోటునూ రెండుసార్లు తయారు చేయాలి. వీళ్లు ఇంజిన్ మార్చడానికే వెనకాడారు. అన్‌రియల్ ఇంజిన్ 3 నుంచి 4కు వెళ్తే ప్రతి సన్నివేశంలోనూ స్క్రిప్టులు మళ్లీ రాసుకోవాలని తేలి పాతదానిలోనే ఉండిపోయారు. నువ్వడిగేది ఎక్కడా కుదిరే పని కాదు.

సింధు: కుదిరింది బాబాయ్. 2011లో ‘హేలో’ మొదటి ఆటను పదేళ్ల పండుగకు మళ్లీ తెచ్చినప్పుడు ఒక్క బటన్‌తో పాత బొమ్మ, కొత్త బొమ్మ మార్చుకునేలా చేశారు. ఆడుతూ ఆడుతూ మధ్యలో నొక్కితే చాలు, చీకటి గది ఎంత వెలిగిపోయిందో, ఏం పోగొట్టుకుందో కళ్లముందే తెలుస్తుంది. అదే గొప్ప విమర్శ.

బాబాయి: అక్కడ పాత ఆట అడుగున అలాగే నడుస్తుంటే పైన కొత్త బొమ్మ వేశారు. ఇక్కడ ఆడే తీరే మార్చారు. తుపాకి గురి, బండి బరువు, బాస్ ఫైట్లు, అన్నీ. బటన్‌తో అయ్యే పని కాదు.

సింధు: అయితే పాత ఆటను విడిగా అదే పెట్టెలో ఇవ్వొచ్చుగా? అదే 2021 నవంబరులో జీటీఏ పాత ఆటలు మూడింటిని మెరుగుపెట్టి అమ్మారు. బొమ్మలు వికారంగా వచ్చాయి, లోపాలు లెక్కలేనన్ని. అంతకుముందే పాతవాటిని అమ్మకం నుంచి తీసేశారు. జనం తిరగబడితే ఆ ఆటల సంస్థ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి, పీసీలో పాత ఆటల్ని తిరిగి తెచ్చింది. కొత్తది బాగుంటే పాతది అక్కర్లేదని నువ్వంటావు. బాగా లేనప్పుడు ఎటు పోతావు?

బాబాయి: మంచి ఉదాహరణే. కానీ మన దగ్గరిది ఒకటి చెప్పనీ. 2010లో ‘మాయాబజార్’ రంగుల్లో వచ్చింది. నలుపు తెలుపు సినిమా అంటే చానల్ మార్చేసే పిల్లలు హాల్లో కూర్చుని ఘటోత్కచుణ్ణి చూసి కేరింతలు కొట్టారు. 1957 నాటి సినిమాకు ఇంకో తరం దొరికింది. రంగులు అలా ఉండకూడదని గొణిగినవాళ్లు అప్పుడూ ఉన్నారు. వాళ్ల మాట విని ఆపేస్తే ఆ పిల్లలకు ఏం మిగిలేది? నువ్వు కూడా కొత్త కూర్పు లేకపోతే ఈ ఆట ముట్టుకునేదానివా?

సింధు: ముట్టుకునేదాన్ని కాదు, నిజమే. కానీ రంగుల మాయాబజార్ వచ్చాక నలుపు తెలుపు మాయాబజార్‌ను ఎవరూ దాచిపెట్టలేదు. ఈ రోజుకీ టీవీలో వస్తుంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెన్నెల ఎలా పట్టాడో చూడాలంటే దాన్నే చూస్తాం. రెండూ ఉన్నాయి కాబట్టే పోల్చుకుంటున్నాం. నీ ఉదాహరణ నా పక్షానే నిలబడింది.

బాబాయి: కాస్త నీవైపు ఒరిగిందిలే. ముగింపు సంగతి చెప్పు. మూడో ఆట ముగింపు నీకెలా అనిపించింది?

సింధు: పరవాలేదనిపించింది. దానికి జనం అంత మండిపడ్డారంటే నమ్మలేకపోయాను.

బాబాయి: ఎందుకంటే నువ్వు చూసింది మేం చూసింది కాదు. 2012 మార్చిలో మేం పూర్తిచేసినప్పుడు ఎరుపు, నీలం, ఆకుపచ్చ, మూడు రంగుల పేలుడు, తర్వాత షెపర్డ్ నౌక నార్మండీ ఎక్కడో కూలిపోవడం, అంతే. మూడు ఆటల్లో మేం చేసిన నిర్ణయాలు ఏమయ్యాయో తెలియలేదు. ఆ మూడు రంగుల్లో 400 కప్ కేకులు చేయించి బయోవేర్‌కు పంపారు అభిమానులు. రంగేదైనా రుచి ఒక్కటేనని చెప్పడానికి అన్నింటికీ వెనీలానే పెట్టించారు. అదే సమయంలో పిల్లల ఆసుపత్రులకు సాయపడే సంస్థ కోసం 80 వేల డాలర్లు పోగుచేశారు. జూన్ 26న ముగింపును విడమరిచిన ‘ఎక్స్‌టెండెడ్ కట్’ ఉచితంగా వచ్చింది. కొత్త కూర్పులో ఉన్నది అదే.

సింధు: అదే నా గోడు! ఆ కోపానికి కారణమైన ముగింపు ఈ పెట్టెలో లేదు. నాలాంటివాళ్లు దీన్నే ఆడి, అప్పటి అభిమానులు ఊరికే గోల చేశారనుకుంటారు. సాక్ష్యం తీసేసి తీర్పు మిగిల్చారు.

బాబాయి: అది రీమాస్టర్ చేసినవాళ్ల తప్పు కాదు. ముగింపును 2012లోనే రచయితలు మార్చుకున్నారు. చివరికి వాళ్లు ఏది వదిలారో అదే కృతి. పైగా ఈ కూర్పుకు నాయకత్వం వహించిన మాక్ వాల్టర్స్ బయటివాడు కాదు, మూడో ఆటకు ప్రధాన రచయిత, మొదటి ఆట రచనలోనూ ఉన్నాడు. తన పని తాను దిద్దుకునే హక్కు రచయితకు లేదా?

సింధు: మొదటి ఆటకు ప్రధాన రచయిత డ్రూ కార్పిషిన్. మూడింటికీ దర్శకుడు కేసీ హడ్సన్. వందలమంది చేసిన పనిలో రచయిత అని ఎవర్ని అంటావు? ఒక్కరి పుస్తకమైతే రెండో ముద్రణలో దిద్దుకోవచ్చు, మొదటి ముద్రణ లైబ్రరీలో ఉంటుంది. ఆటలకు అలాంటి లైబ్రరీ ఏది? ‘పినాకిల్ స్టేషన్’ సంగతి చూడు. మొదటి ఆటకు 2009లో వచ్చిన డీఎల్‌సీ. దాని సోర్స్ కోడ్ పాడైపోయిందని తేలి ఈ కూర్పులోంచి వదిలేశారు. తయారుచేసినవాళ్ల దగ్గరే పన్నెండేళ్లకు మిగల్లేదు! తర్వాత ఆటల్ని సొంతంగా మార్చే మోడర్లు పాత ఆటలోంచి తవ్వి తీసి కొత్తదానికి అతికించారు. పాత కాపీ ఎవరి దగ్గరా లేకుంటే వాళ్లు దేనిలోంచి తవ్వేవారు?

బాబాయి: పినాకిల్ స్టేషన్ పోయిందని నేనేం ఏడవను, అదో కాల్పుల ప్రాక్టీసు, అంతే. నాకు నిజంగా పోయింది వేరే ఉంది. మూడో ఆటలో మల్టీప్లేయర్.

సింధు: దాన్ని ఎవరూ తలుచుకోరనుకున్నాను.

బాబాయి: నువ్వు ఆడలేదు కాబట్టి. నలుగురం ఒక జట్టు. నేను ఇక్కడ, ఒకడు బెంగళూరు, ఇద్దరు డాలస్‌లో. మాకు తెల్లవారుజాము, వాళ్లకు సాయంత్రం. అలలు అలలుగా శత్రువులు వస్తుంటే ఒకడు పడిపోతే ఇంకొకడు పరుగెత్తి లేపేవాడు. దాని వల్ల అసలు కథలో సైన్య సన్నద్ధత కూడా పెరిగేది.

సింధు: ఆ ముక్క మీదే కదా అప్పట్లో గొడవ? ఒంటరిగా కథ ఆడుకునేవాళ్లకు సన్నద్ధత సగం దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు మల్టీప్లేయర్ లేదు కాబట్టి ఆ లెక్క తిరగరాశారు. మూడు ఆటల్లోనూ చేసిన పనులే చివరి బలాన్ని నిర్ణయిస్తాయి. కథకు ఇదే సరైనది.

బాబాయి: కథకు సరైనదే. కాదనను. కానీ నువ్వు ఇందాకటి నుంచీ పాతది మిగలాలి, మిగలాలి అంటున్నావు కదా, మల్టీప్లేయర్‌ను ఎలా మిగిలిస్తావు? ప్రోగ్రాం దాస్తావు. సర్వర్ కూడా నడిపిస్తావనుకుందాం. ఆ నలుగుర్నీ 2012లోకి తీసుకురాగలవా? నీ ఎర్ర ఆకాశమూ అంతే. ఆ రోజు ఆ టీవీ ముందు, తర్వాతి భాగం ఏమవుతుందో తెలియకుండా చూసినవాళ్లకు అది ఎర్ర ఆకాశం. ఇప్పుడు నువ్వు చూసేది నమూనా.

సింధు: నమూనా అయినా చాలు. నువ్వు అనుభవం గురించి మాట్లాడుతున్నావు, నేను వస్తువు గురించి. అనుభవాన్ని దాచలేం, అందుకే వస్తువునైనా దాచాలి. అది లేకపోతే అప్పుడు ఏముందో చెప్పడానికి నీ జ్ఞాపకం ఒక్కటే మిగులుతుంది. ఆ జ్ఞాపకం ఇప్పటికే కొత్త కూర్పుతో రాజీపడింది.

బాబాయి: రాజీ పడలేదు, పని తేల్చుకుంది. ఆటను ఆడాలి, ఆడించాలి. ఆడేవాళ్లు లేని ఆటను ఎంత భద్రంగా దాచినా ఎవరికి ఉపయోగం? రేపు నా పెద్దాడు మాస్ ఎఫెక్ట్ అడిగితే లెజెండరీ ఎడిషనే చేతిలో పెడతాను.

సింధు: పెట్టు, నేనూ అదే పెడతాను. కానీ అది 2007 నాటి ఆట అని వాడికి చెప్పకు. 2021లో కొందరు, 2007 నాటి ఆటలో ఏది తప్పో ఏది ఒప్పో తేల్చుకుని చేసిన ఆట అని చెప్పు. వాళ్లు తేల్చింది చాలావరకు సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉందో లేదో వాడు కూడా తేల్చుకోవాలంటే రెండోది ఎక్కడో ఒకచోట ఉండాలి.

బాబాయి: వాడు పోల్చి చూసి, నీ ఎర్ర ఆకాశం కన్నా పగటి వెలుతురే బాగుందంటే?

సింధు: అనొచ్చు. వాడితో వాదిస్తాను. అలా వాదించగలగడమే నేను అడుగుతున్నది.